మా వాడకట్టుకు రాక్ బ్యాండు మంజూరు చేయగలరు

ప్రభుత్వం ప్రతి వాడకట్టుకూ ఒక నల్లా ఇస్తుంది. ఒక అంగన్‌వాడీ ఇస్తుంది. ఎన్నికలు దగ్గరపడితే ఒక బోరు కూడా వేయిస్తుంది. మరి ఒక రాక్ బ్యాండు ఎందుకు ఇవ్వదు?

నవ్వకండి. బాగా ఆలోచించే రాస్తున్నాను. తమాషాకు రాసే తీరిక నాకెక్కడిది? మోకాళ్ల నొప్పులకే రోజు సరిపోతుంది.

కోరుట్లలో మా వాడకట్టుకు ఏడు నెలలపాటు సొంతంగా ఒక రాక్ బ్యాండు ఉండేది. మామూలు రాక్ కూడా కాదు, ఆల్టర్నేటివ్ రాక్! ఆ ఏడు నెలలు మేము అనుభవించిన సుఖం రాష్ట్రంలోని ప్రతి గల్లీకీ దక్కాలన్నదే నా కోరిక. కొందరు దాన్ని చప్పుడు అన్నారు. ఒక మహానుభావురాలైతే ఏకంగా అర్జీ పెట్టింది. ఆ కళాద్రోహి సంగతి తర్వాత చూద్దాం.

మా ఇంటి గోడకు ఆనుకొని ఒక పాత బీడీ కార్ఖానా ఉంది. కంపెనీ వేరేచోటికి పోయాక పదేళ్లు తాళంలోనే ఉండిపోయింది. లోపల తునికాకు వాసన, ఎలుకలు, చిరిగిన గోనెసంచులు. పక్కింటి మధుకర్ దాన్ని ఊడ్చి, గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అంటించి, మధ్యలో డ్రమ్ములు పెట్టాడు.

వాళ్లది కల్లు గీతకు తాళ్లెక్కే కుటుంబం. తాత తాడెక్కాడు. నాయన ఐలయ్య తాడు దిగి షార్జాకు పోయి, పంతొమ్మిదేళ్లుగా అక్కడ పరంజాలు ఎక్కుతున్నాడు. ఎక్కడం మాత్రం ఆ ఇంటికి తప్పలేదు. నేల మీద కూర్చుని చేసే పని ఎంచుకున్నవాడు ఆ వంశంలో మధుకర్ ఒక్కడే.

గిటారు వాయించే సాత్విక్‌ది పెగడపల్లి. వాళ్ల తాత కిషన్ రావు గారు ఒకప్పుడు ఊరికి దొర. ఆ గడి ముందు డప్పు కొట్టాలంటే అనుమతి కావలసిన కాలం నాకు తెలుసు. ఇప్పుడా ఇంటి మనవడే, మధుకర్ డ్రమ్ము ఎప్పుడు మొదలుపెడతాడా అని గిటారు పట్టుకొని నిలబడుతున్నాడు! భూసంస్కరణలు చేయలేని పని రాక్ సంగీతం చేసిందా, లేదా?

పాడేది వనిత, సిరిసిల్ల పిల్ల. నాయన సాంచెలు నడుపుతాడు. మరమగ్గాలను అక్కడ సాంచెలంటారు. వాటి మధ్య పెరిగిన పిల్లకు మెల్లగా మాట్లాడటం రాదు. కార్ఖానాలో కూర్చుని "దూపైతుంది" అంటే నాలుగిళ్ల నుంచి చెంబులు వచ్చేవి.

బ్యాండు పేరు 'తెగిన పోగులు'. మొదటిరోజే చెప్పాను, ఇది మంచి పేరు కాదని.

"తెగితెనే గదా అవ్వా అతికేది," అన్నది వనిత. "మా నాయిన దినాం గదే పని చేస్తడు."

"మరి గా ఆల్టర్నేటివ్ అంటె ఏంది కొడుకా?" అని మధుకర్‌ను అడిగాను.

"ఒకటి కాకపోతె ఇంకోటి అన్నట్టు అవ్వా."

"దుబాయి కాకపోతె డ్రమ్మా?"

సాత్విక్ నవ్వాడు. మధుకర్ నవ్వలేదు. అప్పటికే వాళ్ల నాయన ఫోను చేసినప్పుడల్లా వీసా మాట ఎత్తుతున్నాడు. ఐదు నెలలకు వీసా వచ్చేసింది కూడా. వచ్చాక అరవై రోజుల్లో విమానం ఎక్కాలి, లేకపోతే మురిగిపోతుంది. తండ్రీకొడుకులు ఫోనులోనే ఒక మాట అనుకున్నారు: అరవై రోజుల్లోగా ఈ పాటలు ఏదైనా దారి చూపిస్తే మధుకర్ ఇక్కడే ఉంటాడు, చూపించకపోతే ఎక్కుతాడు. వాడి తల్లి వసంత ఆ రోజు నుంచి డ్రమ్ముల చప్పుడు వినిపిస్తే ఇంటి పని చేసుకునేది, ఆగితే పని ఆపి గోడ వైపు చూసేది.

ఇక లాభాలకు వద్దాం.

మొదట కోతులు. మా కోరుట్ల కోతుల గురించి తెలియని పుణ్యాత్ములకు ఒక్క మాట: మా వంట ముందు అవి తిని, బాగుంటే మాకు వదిలేస్తాయి. ఒకటి నా కళ్లద్దాలు ఎత్తుకుపోయి, అరటిపండు ఇచ్చేదాకా వాటిని పెట్టుకొని పిట్టగోడ మీద పెద్దమనిషిలా కూర్చుంది. కొండముచ్చును తెప్పించాం. మూడు రోజులకు అది వాటితో వియ్యమందుకుంది. పటాకులు కాల్చాం. దీపావళి అనుకున్నాయి.

వీళ్ల రెండో పాట మొదలైన నాడు చూడాలి! కింద నుంచి సాత్విక్ గిటారు, మధ్యలో మధుకర్ దెబ్బ, పైన వనిత గొంతు. గుంపంతా పిల్లలను చంకన వేసుకొని గోడ దిగి మెట్‌పల్లి రోడ్డు పట్టింది. మెట్‌పల్లి వాళ్లు మమ్మల్ని క్షమించాలి.

తర్వాతిది కుటుంబ శాంతి. ప్రాక్టీసు మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా. అత్తాకోడళ్లు తిట్టుకునే ముహూర్తం సరిగ్గా అదే. ఒకరి తిట్టు ఒకరికి వినిపించకపోతే ఎంతసేపని తిట్టుకుంటారు? ఎదురింటి నర్సవ్వ ఒకనాడు చేతులు తిప్పి తిప్పి కోడలిని ఏదో అంటుంటే, మెచ్చుకుంటున్నదనుకొని ఆ పిల్ల చాయ పెట్టి తెచ్చింది. నర్సవ్వ తాగింది. ఏం చేస్తుంది మరి?

బీడీల సంగతి వేరే చెప్పాలి. మా ఆడవాళ్లు మధ్యాహ్నం అరుగుల మీద కూర్చుని చాటలు ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడతారు. డ్రమ్ము తాళంలో చేతులు పడితే, సాయంత్రం ఆరింటికి అయ్యే పని నాలుగున్నరకే అయిపోయేది. సాత్విక్‌కు నిదానమైన పాటలంటే ఇష్టం. అటువంటిది ఎత్తుకున్నాడా, నర్సవ్వ గోడను చెప్పుతో కొట్టేది.

"ఓ దొర కొడుకా, గా ఉర్కే పాట పెట్టు. ఇంక నాలుగు కట్టలున్నయి."

ప్రపంచంలో ఏ రాక్ బ్యాండుకైనా ఇంత శ్రద్ధగల శ్రోతలు ఉన్నారా?

అన్నిటికంటే పెద్ద లాభం ఫోను. ఇంటికొక మనిషి గల్ఫ్‌లో ఉన్న వాడకట్టులో వేళకాని వేళ ఫోను మోగితే ఏమవుతుందో మీకు చెప్పాల్సిన పని లేదు. డ్రమ్ములు వాయిస్తుంటే ఫోను వినిపించదు. ఎంత చెడ్డవార్త అయినా ఐదింటిదాకా ఆగవలసిందే! రోజుకు మూడు గంటలు నిశ్చింత. ఏ డాక్టరు రాసిస్తాడు ఇటువంటి మందు?

ఇట్లా ఉండగా వాళ్ల మొదటి ఆల్బమ్ వచ్చింది. పేరు 'అచ్చుడు పోవుడు', అంటే రావడం పోవడం. తొమ్మిది పాటలు, అన్నీ ఫోనులోనే. ఎవరో దాన్ని 'జానర్ బ్లెండింగ్' అని మెచ్చుకుంటూ రాశారట. ఈ ఆల్బమ్‌ను ఏ అరలో పెట్టాలో తెలియడం లేదు అన్నారట. మధుకర్ ఆ ముక్క నాకు రెండుసార్లు చదివి వినిపించాడు.

నాకేమీ ఆశ్చర్యం కలగలేదు. మా ఇళ్లలో ఏది ఏ అరలో ఉందని? కప్పుకునేది సౌదీ దుప్పటి, దగ్గుకు రాసుకునేది మస్కట్ నూనె, దాని పక్కనే సర్వపిండి గిన్నె. ఇబ్రహీంపట్నంలో పసుపు ఉడకబెట్టే చోట ఒకాయన కొమ్ములు మాడిపోతే "ఖల్లివల్లి" అని చేయి ఊపి బీడీ ముట్టించడం నేను చూశాను. పోతే పోనీ అనడానికి కూడా అరబ్బీ కావాలి మాకు. మేము బ్లెండయి నలభై ఏళ్లయింది. వీళ్లు గిటారు కలిపారు, అంతే!

మొదటి పాట సాంచె చప్పుడుతో మొదలవుతుంది. వనిత తన నాయన పనిచేసే షెడ్డులో ఫోనులో పట్టుకొచ్చింది. దాని మీద రాక్, రాక్ మీద బతుకమ్మ చప్పట్లు. మూడోదాంట్లో ఒగ్గుడోలు. నాలుగో పాట సగంలో ఉండగా నిజంగానే కరెంటు పోయింది, అట్లాగే వదిలేశారు. అది గొప్ప సాహసం అని మెచ్చుకున్నారట. అటువంటి సాహసం మాకు రోజూ జరుగుతుంది. ఐదో పాటలో వేములవాడ బస్టాండు మైకులో బస్సుల పేర్లు చదివే గొంతును బాగా సాగదీసి, వెనక గిటారు పెట్టారు. నర్సవ్వ అది విని గుళ్లో మంత్రమనుకొని చెప్పులు విడిచి దండం పెట్టింది.

ఎనిమిదో పాట గురించి రాయకూడదనుకున్నాను. కాని రాయక తప్పదు.

మా దగ్గర దేశం పోయేవాణ్ని ఏడుస్తూ పంపకూడదు. అందుకని ఏడవవలసిన చోట మేము ప్రశ్నలు అడుగుతాం. ఆటో కదిలేదాకా అడుగుతూనే ఉంటాం. పాస్‌పోర్టు పెట్టుకున్నవా? చార్జరు పెట్టుకున్నవా? తొక్కు సీసాకు బట్ట చుట్టినవా? దిగంగనే ఫోన్ చేస్తవా? ఎనిమిదో పాట నిండా ఇవే. డ్రమ్ము లేదు, గిటారు ఉన్నా లేనట్టే. సాంచెల మధ్య పెరిగిన ఆ పిల్లకు మెల్లగా పాడటం కూడా వచ్చని ఆ పాటలోనే తెలిసింది. నడుమ నడుమ మా ఆడవాళ్ల గొంతులు. ఒక్కొక్కరినీ మైకు ముందు కూర్చోబెట్టి ఒక్కొక్క ప్రశ్న అడిగించారు.

వసంత ఒక్కతే కూర్చోలేదు. "నా కొడుకు ఏడికి పోతలేడు," అన్నది. "నేనెందుకడుగుత?"

నన్నూ పిలిచారు. నేను పొయ్యి మీద పాలున్నాయని చెప్పి వచ్చేశాను.

ఆ ప్రశ్నలు నాకు కొత్త కాదు. నేను బడికి పోలేదు. పప్పు, పసుపు కట్టిచ్చిన పేపరు ముక్కలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. ఫోన్లు రాకముందు మా వాడకట్టు ఉత్తరాలన్నీ నా చేతి మీదుగానే నడిచాయి. భార్యలు చెబితే రాసేదాన్ని, జవాబు వస్తే చదివి వినిపించేదాన్ని. జవాబులో ఏమీ లేకపోతే రెండు మంచి వాక్యాలు నేనే చదివేదాన్ని. ఇక నా సొంత ప్రశ్న ఒకటుంది. ఎనభై ఎనిమిదిలో మా ఆయన గల్ఫ్‌కు పోతుంటే, జగిత్యాల బస్సు కిటికీ దగ్గర "దుప్పటి పెట్టుకున్నవా?" అని అడిగాను. ఆయన ఏదో అన్నాడు. బస్సు చప్పుడుకు వినిపించలేదు. ఆయన తిరిగి రాలేదు, ఆ జవాబు నాకు ఇప్పటిదాకా అందలేదు.

సరే, అది పాత కథ. అర్జీ సంగతి చెబుతానన్నాను కదా.

ఆల్బమ్ విన్న హైదరాబాదు వాళ్లు ఇద్దరు కబురు పంపారు. ఊరూరా పాటల కార్యక్రమాలు పెట్టించడం వాళ్ల పని. గురువారం కోరుట్లకు వస్తాం, ఎదురుగా వాయించండి, నచ్చితే ఏడాదిపాటు మాతో తిప్పుకుంటాం అన్నారు. వీసాకు ఇంకా పదకొండు రోజులు ఉన్నాయి. వసంత ఆ ఇద్దరి కోసం గారెలకు పప్పు కూడా తెప్పించి పెట్టింది.

మంగళవారం ఆఫీసు నుంచి మనుషులు వచ్చారు. ఏ ఆఫీసో చెప్పను. కార్ఖానాకు తాళం వేశారు, తాళం మీద లక్కముద్ర వేశారు, తలుపు మీద కాగితం అంటించారు. "శబ్దం వలన వృద్ధులు, రోగులు, బాలింతలు మిక్కిలి ఇబ్బంది పడుతున్నట్లు వాడకట్టు వాసులు నలభై రెండు మంది సంతకములతో..." అని మొదలవుతుంది ఆ కాగితం.

గురువారం హైదరాబాదు వాళ్లు వచ్చారు. డ్రమ్ములు లోపల, గిటార్లు లోపల. బయట మిగిలింది వనిత గొంతు ఒక్కటే. ఆ పిల్ల అరుగు మీద నిలబడి రెండు పాటలు పాడింది. వాళ్లు గారెలు తిన్నారు, బాగుందన్నారు, అన్నీ కుదిరినప్పుడు ఎండాకాలం పోయాక మళ్లీ వస్తామన్నారు. ఎండాకాలం పోయాక అన్నది ఆ అరవై రోజుల్లో లేదు.

మధుకర్ ఆఫీసుకు పోయి అర్జీ చూసి వచ్చాడు. వచ్చి నా గడప దగ్గర నిలబడ్డాడు.

"అవ్వా, అర్జీ మీద మూడో సంతకం నాదే ఉన్నది."

మీకు ఇది వింతగా ఉండవచ్చు. మాకు కాదు. బీడీలు చుట్టే చేతులు సంతకం కోసం మాటిమాటికీ లేవలేవు కదా! అందుకని మా వాడకట్టులో ఒక పద్ధతి పెట్టుకున్నాం. బతుకమ్మ నాడు అందరూ ఒకచోట చేరినప్పుడు తెల్లకాగితాల మీద సంతకాలు తీసుకొని దాచిపెడతాం. తర్వాత ఏ అర్జీ రాసినా వెనక ఆ కాగితం గుచ్చడమే. మురుగు మోరీ అయినా కోతులైనా సంతకాలు ఎప్పుడూ తయారుగా ఉంటాయి. పోయిన బతుకమ్మకు "కోతుల మీద పెడ్దామవ్వా" అంటూ మధుకర్ ఉత్సాహంగా మూడో సంతకం చేశాడు. వాడి తల్లిది నాలుగోది.

"గా కాయితాలు నీ పెట్టెల్నే ఉంటయి గదా అవ్వా," అన్నాడు.

కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది.

అవును. ఆ కళాద్రోహి చేతిరాత నాదే. ఒక మధ్యాహ్నం ఎనిమిదో పాట పదకొండోసారి గోడ దాటి వచ్చింది. పాలు నిజంగానే పొంగిపోయాయి. నేను కలం తీశాను. ఆ ఒక్క పాట ఆగితే చాలనుకున్నాను. 'బాలింతలు' అన్నది మాత్రం అలవాటుకొద్దీ రాశాను, ఇప్పుడు మా వాడకట్టులో బాలింతలెవరూ లేరు.

మీరు నన్ను తిట్టే ముందు ఒక్క సంగతి వినండి. నలభై ఏళ్లుగా అర్జీలు రాస్తున్నాను. మోరీ మీద ఆరు రాశాను, అది ఇప్పటికీ మా గడపల ముందు నుంచే పారుతోంది. కోతుల మీద నాలుగు రాశాను. మూలింటి పోచమ్మ కొడుకు దమ్మాములో చనిపోతే, శవం తెప్పించండయ్యా అని రకరకాల ఆఫీసులకు పదమూడు రాశాను. నాలుగున్నర నెలలకు పెట్టె వచ్చింది. పదమూడు అర్జీలకు కదలని కుర్చీలు, పిల్లల పాట ఆపండి అంటే రెండు రోజుల్లో లక్క కరిగించుకొని వచ్చాయి! నాకేం తెలుసు? నా అర్జీ పనిచేయదన్న ధైర్యంతోనే కదా రాసింది!

తాళం పడ్డ మరునాడే ఆఫీసుకు పోయాను, వాపసు తీసుకుంటానని. అక్కడి గుమాస్తా నన్ను చాలా మర్యాదగా కూర్చోబెట్టాడు.

"ఫైలు పైకి పోయిందవ్వా. పోవుడంటె జల్దిన పోతది. ఎన్కకు అచ్చుడే కష్టం."

ఆ మాట నాకు కొత్తగా చెప్పాలా?

వీసాకు ఒకరోజు మిగిలి ఉండగా మధుకర్ బయలుదేరాడు. ఆటో వచ్చింది. అరుగుల మీది ఆడవాళ్లంతా లేచి ప్రశ్నలు మొదలుపెట్టారు. వసంత కూడా అడిగింది, అందరికంటే ఎక్కువ అడిగింది. చార్జరు గురించి మూడుసార్లు అడిగింది. సాత్విక్ సూట్‌కేసు మోశాడు. వనిత సిరిసిల్ల నుంచి పొద్దున్నే వచ్చి, ఒక్క మాట మాట్లాడకుండా ఆటో పక్కన నిలబడింది. ఆ గొంతు మూగపోవడం మా వాడకట్టు అదే మొదటిసారి చూడటం.

నేను తలుపు వెనక ఉన్నాను. మొగుడు లేనిదాన్ని, పయనమయ్యేవాడికి ఎదురు రాకూడదు. ఇన్నేళ్లలో ఎంతమందిని ఆ తలుపు సందులోంచే పంపానో!

వాడు వచ్చి గోడ మీద కొట్టాడు, నర్సవ్వ కొట్టినట్టే.

"అవ్వా, బయటికి రా. అందరు అడిగిండ్రు. నువ్వే అడగలే."

"ఎదురు రావద్దు కొడుకా."

"నువ్వు అర్జీ రాస్తెనే పాట ఆగిపాయె, ఇగ ఎదురస్తె ఇంకేమైతది? రా."

నర్సవ్వ నవ్వింది. నేను బయటికి వచ్చాను. ఏమడగాలో తోచలేదు. పాస్‌పోర్టు అయిపోయింది, చార్జరు అయిపోయింది, తొక్కు అయిపోయింది.

"డ్రమ్ము కట్టెలు పెట్టుకున్నవా?" అన్నాను.

"లేదవ్వా. గవి లోపల్నే ఉన్నయి. తాళమేసిండ్రు గదా."

ఈసారి జవాబు స్పష్టంగా వినిపించింది. ఆటో ఇంకా స్టార్టు కూడా కాలేదు.

ఇప్పుడు మా వాడకట్టు ఎంత ప్రశాంతంగా ఉందో చూడటానికి మీరు రావాలి. కోతులు మెట్‌పల్లి నుంచి తిరిగొచ్చాయి, కార్ఖానా కప్పు మీదే కాపురం. బీడీలు ఆరు దాటినా కావడం లేదు. నర్సవ్వ అన్నది కోడలికి, కోడలు అన్నది నర్సవ్వకు పొల్లు పోకుండా వినిపిస్తోంది. ఏ ఇంట్లో ఫోను మోగినా అన్ని ఇళ్లలోనూ ఉలిక్కిపడుతున్నాం. వసంత ఇంటి పని మానేసి గోడ వైపు చూస్తూనే ఉంటుంది. ఆల్బమ్ నా ఫోనులో ఉంది. ఎనిమిదో పాట సగం దాకా వినగలుగుతున్నాను.

కనుక, అయ్యా, ఆఫీసు వారికి విన్నవించుకునేది ఏమనగా: కార్ఖానా తాళం తీయించి, మా వాడకట్టుకు ఒక రాక్ బ్యాండు మంజూరు చేయగలరు. చప్పుడు ఎంత ఎక్కువైతే అంత మంచిది. నలభై ఒక్క సంతకాలు జతచేశాను. ఈసారి అర్జీ చదివి వినిపించాకే తీసుకున్నాను. మూడో సంతకం చోటు ఖాళీగా వదిలాను, అది చేయవలసినవాడు ఊళ్లో లేడు.

వాడి కాంట్రాక్టు రెండేళ్లు. కాబట్టి మీరేమీ తొందరపడవద్దు. పోచమ్మ కొడుకు అర్జీలు చూసినంత నింపాదిగా చూసినా, వాడు వచ్చేనాటికి అందుకుంటారు.